నలభై ఏళ్లు కడుపుతో వేగిన డార్విన్‌

తిన్న రెండు మూడు గంటలకు పొట్ట బిర్రుగా అయిపోతుంది. ఆగకుండా తేన్పులు, గ్యాస్‌. ఒక్కోసారి వాంతి. ఆ వెనకే నీరసం, తలనొప్పి, గుండె దడ. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. స్కానింగ్‌లో ఏమీ లేదంటారు. ఎండోస్కోపీలోనూ ఏమీ లేదంటారు. ఇంట్లోవాళ్లకు విసుగొస్తుంది. ఇదంతా నా మనసు కల్పించుకుంటున్నదేనా అని మీకే అనుమానం పుడుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఇలాంటివారు మాకు రోజూ కనిపిస్తారు. ఈ వారం వాళ్లందరికీ ఒక తోటి రోగిని పరిచయం చేస్తాను. ఆయన పేరు చార్లెస్‌ డార్విన్‌. స్కూలు పుస్తకంలో తెల్ల గడ్డంతో కనిపించే జీవపరిణామ శాస్త్రవేత్తే. దాదాపు నలభై ఏళ్లు ఆయన కడుపు జబ్బుతో బాధపడ్డారు. బతికున్నంత కాలం ఆ జబ్బేమిటో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ప్రపంచం ఆలోచననే మార్చిన పుస్తకాలను ఆయన రాసింది ఆ కడుపుతోనే. ఎలా రాయగలిగారన్నది పొట్టతో ఇబ్బంది పడే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గ విషయం.

డాక్టర్‌ గారి అబ్బాయి

డార్విన్‌ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. తండ్రి రాబర్ట్‌ డార్విన్‌ ఆ ప్రాంతంలో పేరున్న వైద్యుడు. తాత ఎరాస్మస్‌ డార్విన్‌ కూడా వైద్యుడే. తల్లి సుసన్నా, చార్లెస్‌కు ఎనిమిదేళ్లప్పుడు, తీవ్రమైన కడుపునొప్పితో కన్నుమూశారు.

కొడుకు కూడా డాక్టరు కావాలని తండ్రి 1825లో ఎడిన్‌బరో పంపించారు. మత్తుమందు ఇంకా రాని రోజులవి. ఒక పిల్లవాడికి చేస్తున్న ఆపరేషన్‌ చూడలేక డార్విన్‌ మధ్యలోనే బయటికి వచ్చేశారు. వైద్యం చదువు అక్కడితో సరి. తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివారు. 1831 డిసెంబరు 27న బీగిల్‌ అనే ఓడ ఎక్కారు. ప్రపంచం చుట్టి 1836 అక్టోబరు 2న తిరిగొచ్చారు.

ఆ అయిదేళ్లలో సముద్రం మీద ఉన్నప్పుడల్లా వాంతులతో అల్లాడారు. ఎండు ద్రాక్ష, బిస్కెట్లతో గడిపిన రోజులున్నాయి. నేల మీద కాలుపెడితే మాత్రం మనిషి ఉక్కు. గుర్రం మీద వందల మైళ్లు తిరిగారు, ఆండీస్‌ కొండలెక్కారు. 1834లో చిలీలో ఒకసారి నెల రోజులు మంచాన పడ్డారు. మరుసటి ఏడాది మార్చిలో అర్జెంటీనాలోని మెండోజా దగ్గర ఒక రాత్రి పెద్ద నల్ల నల్లి లాంటి పురుగులు ఆయన్ని కుట్టాయి. ఆ పురుగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

జబ్బు ఇల్లు చేరింది

ఇంగ్లండ్‌ వచ్చిన ఏడాదికే, 1837లో, గుండె దడ మొదలైంది. పని ఒత్తిడి పెరిగినప్పుడల్లా కడుపు తిరగబడేది. 1839 జనవరి 29న తన మేనమామ కూతురు ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెళ్లి చేసుకున్నారు. లండన్‌ పొగ, విందులు, మీటింగులు ఆయన ఒంటికి పడలేదు. 1842 సెప్టెంబరులో కాపురాన్ని లండన్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో, కెంట్‌ జిల్లాలోని డౌన్‌ అనే పల్లెకు మార్చారు. మిగిలిన నలభై ఏళ్లూ ఆ ఇంట్లోనే గడిచాయి.

ఆయన లక్షణాలు ఆయన రాతల్లోనే ఉన్నాయి. పగలూ రాత్రీ వదలని గ్యాస్‌. తిన్న కొన్ని గంటలకు వాంతులు. వాంతికి ముందు వణుకు, కళ్ల ముందు నల్ల చుక్కలు, చెవుల్లో హోరు. చర్మం మీద ఎగ్జిమా, కురుపులు. ఎవరితోనైనా ఓ గంట ఉత్సాహంగా మాట్లాడితే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. 1848 నవంబరులో తండ్రి చనిపోయినప్పుడు ఆరోగ్యం ఎంత దెబ్బతిని ఉందంటే, అంత్యక్రియలకు సమయానికి చేరుకోలేకపోయారు.

ఇక్కడ ఒక్క మాట. కడుపు గోడల్లో పది కోట్లకు పైగా నరాల కణాలున్నాయి. అవి మెదడుతో నిత్యం మాట్లాడుకుంటూనే ఉంటాయి. పరీక్ష హాలు ముందు నిలబడ్డ పిల్లవాడికి బాత్రూమ్‌ గుర్తుకు రావడం ఈ సంబంధం వల్లే. దిగులు పేగుల కదలికను మారుస్తుంది, పేగుల బాధ దిగులును పెంచుతుంది. బాధ మనసుతో ముడిపడి ఉందంటే అది అబద్ధపు బాధ అని అర్థం కాదు. నొప్పి నిజమే, వాంతి నిజమే. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే అన్నీ నీ ఊహలే అని కొట్టిపారేయకండి.

నీటి వైద్యంలో ఏముంది?

తండ్రి పోయిన కొద్ది నెలలకు, 1849 మార్చిలో, డార్విన్‌ పెళ్లాం పిల్లలతో సహా మాల్వెర్న్‌ అనే కొండ ఊరికి వెళ్లారు. అక్కడ డాక్టర్‌ జేమ్స్‌ గల్లీ చన్నీళ్లతో చికిత్స చేసేవారు. మన ప్రకృతి వైద్యశాలల్లో తొట్టి స్నానాలు, తడి పట్టీలు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. తెల్లవారుజామున లేపి గరుకు తువ్వాలుతో చన్నీళ్లు రుద్దేవారు. ఓ గ్లాసు నీళ్లు తాగించి ఇరవై నిమిషాలు నడిపించేవారు. పొట్టకు తడి పట్టీ కట్టేవారు. ఆహారంలో చక్కెర, వెన్న, మసాలాలు, టీ, పంది మాంసం అన్నీ బంద్‌. పొద్దున రొట్టె, దానితో గుడ్డో మాంసమో పెట్టేవారు. ఆ ఎండు రొట్టె నానబెట్టుకోవడానికి కాసిన్ని పాలు మాత్రం అనుమతించారు.

కొన్ని వారాల్లోనే డార్విన్‌ వాంతులు తగ్గాయి. మంచం పట్టిన మనిషి రోజుకు మైళ్లకు మైళ్లు నడిచారు. ఇంటికి వచ్చాక తోటలో చన్నీళ్ల గది కట్టించుకుని మరీ చికిత్స కొనసాగించారు.

వైద్యుడిగా చూస్తే చన్నీళ్లకు పేగు జబ్బును నయం చేసే శక్తి లేదు. మరి ఎందుకు తగ్గింది? ఆ నాలుగు నెలలూ ఆయన వేళకు తిన్నారు. సాదా తిండి తిన్నారు. తీపి, కొవ్వు, మీగడ తగ్గాయి. రోజూ నడిచారు. మెదడుకు పని తగ్గించారు. త్వరగా పడుకున్నారు. ఇవన్నీ ఒకేసారి జరిగాయి కాబట్టి దేనివల్ల మేలు జరిగిందో ఆయనకు తెలియలేదు. పేరు మాత్రం నీళ్లకు వచ్చింది. ఇప్పటికీ ఇదే జరుగుతోంది. ఏదో పొడి, ఏదో కషాయం మొదలుపెట్టినప్పుడే టీలు, నూనె వంటలు, రాత్రి పొద్దుపోయాక తినడం కూడా మానేస్తాం. తగ్గగానే పొడి గొప్పదంటాం.

లెక్కల పుస్తకం

1849 జులై నుంచి 1855 జనవరి వరకు డార్విన్‌ ఆరోగ్య డైరీ రాశారు. ఒక్కో రోజుకు ఒక్కో గీటు. గ్యాస్‌ ఎన్నిసార్లు వచ్చింది, వాంతి అయిందా, రాత్రి ఎలా గడిచింది, ఏ చికిత్స చేశారు, అన్నీ పొట్టి గుర్తుల్లో ఉంటాయి. బాగా గడిచిన రోజులకు ప్రత్యేకమైన గుర్తు. నెలాఖరున అలాంటి రోజులు ఎన్నో లెక్కేసుకునేవారు. పావురాల ముక్కులు కొలిచిన ఓపికతోనే తన కడుపునూ గమనించారన్నమాట.

అయితే ఆ డైరీలో ప్రధానంగా ఉన్నవి లక్షణాలు, చికిత్సలు. కంచంలో ఏం పడిందన్నది ఆ లెక్కకు కేంద్రం కాలేదు. ఈ రోజు నా దగ్గరికి వచ్చే రోగికి నేను డైరీ రాయమంటే మొదట అడిగేది దాన్నే. మీరూ పిల్లల పాత నోట్‌బుక్‌ ఒకటి తీసుకోండి. ఏ వేళకు ఏం తిన్నారు, ఎంత తిన్నారు, బాధ ఎన్ని గంటలకు వచ్చింది, విరేచనం ఎలా ఉంది, నిద్ర ఎంత, ఆ రోజు గొడవలూ దిగుళ్లూ ఏమైనా ఉన్నాయా, వేసుకున్న మాత్రలేమిటి. రెండు వారాలు చాలు. చాలామంది జబ్బు కథ ఆ పద్నాలుగు పేజీల్లోనే బయటపడుతుంది.

దుఃఖం, పుస్తకం, కడుపు

1851లో డార్విన్‌ పదేళ్ల కూతురు యానీ జబ్బుపడింది. తనకు మేలు చేసిందన్న నమ్మకంతో ఆమెను మాల్వెర్న్‌కే తీసుకెళ్లారు. ఏప్రిల్‌ 23న ఆ పిల్ల అక్కడే చనిపోయింది. పుట్టిన పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పెళ్లి మేనరికం కాబట్టి తన బలహీనత పిల్లలకూ వచ్చిందేమోనన్న బెంగ ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

ఇంకో బరువు ఆయన పుస్తకం. జీవజాతులు మారుతూ వస్తాయన్న ఆలోచన సమాజానికి ఎంత కోపం తెప్పిస్తుందో ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్లు లోపలే దాచుకున్నారు. 1858 జూన్‌లో ఆల్‌ఫ్రెడ్‌ వాలెస్‌ అదే ఆలోచనను రాసి పంపేసరికి ఇక ఆగలేకపోయారు. పదమూడు నెలల్లో ఆరిజిన్‌ ఆఫ్‌ స్పీషీస్‌ రాశారు. ఆ నెలల్లో కడుపు బాధ విపరీతమైంది. తన బాధల్లో పెద్ద భాగానికి ఆ రాతే కారణమని స్నేహితుడికి రాసుకున్నారు కూడా. 1859 నవంబరు 24న పుస్తకం బయటికి వచ్చింది. అచ్చేసిన 1,250 ప్రతుల్లో అమ్మకానికి పెట్టినవన్నీ మొదటి రోజే పుస్తకాల షాపుల వాళ్లు ఎగరేసుకుపోయారు. ఆ సమయానికి రచయిత యార్క్‌షైర్‌లో ఇల్క్‌లీ అనే చోట ఇంకో నీటి వైద్యశాలలో ఉన్నారు. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ పుస్తకం మీద పెద్ద రభస జరిగినప్పుడూ అంతే. ఆయన అక్కడ లేరు, చికిత్సలో ఉన్నారు.

ఎమ్మా వంటింట్లో పాలు, మీగడ

ఎమ్మా డార్విన్‌ వంటల నోట్‌బుక్‌ నేటికీ భద్రంగా ఉంది, అచ్చయింది కూడా. అందులో పాలు, మీగడ, వెన్న, గుడ్లతో చేసే పుడ్డింగులు, కస్టర్డులు చాలా ఉన్నాయి. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు డార్విన్‌ లక్షణాలను మళ్లీ పరిశీలించి, ఆయనకు పాలు పడని తత్వం ఉండి ఉంటుందని వాదించారు. తిన్న రెండు మూడు గంటలకు బాధ రావడం, పాలు మీగడలు తగ్గినప్పుడు మెరుగవడం వాళ్లు చూపించిన ఆధారాలు.

పాలలో లాక్టోజ్‌ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైము లాక్టేజ్‌. పసితనంలో అది పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ ప్రపంచ జనాభాలో దాదాపు మూడింట రెండొంతుల మందిలో తగ్గిపోతుంది. దక్షిణ భారతదేశంలో, అంటే మన తెలుగువాళ్లలోనూ, ఎక్కువమంది పెద్దవాళ్లది ఇదే పరిస్థితి. అరగని చక్కెర పెద్దపేగు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గ్యాస్‌, ఉబ్బరం, గడబిడ, నీళ్ల విరేచనం వస్తాయి.

ఎంజైము తగ్గిన అందరికీ బాధ రాదు. చాలామంది తిండితో పాటు ఒక గ్లాసు పాలను తట్టుకోగలరు. పెరుగు, మజ్జిగ పులిసేటప్పుడు లాక్టోజ్‌ కొంత తగ్గుతుంది, అందుకే పాలు పడనివారికి కూడా మజ్జిగ పడుతుంది. నెయ్యిలో అది దాదాపు ఉండదు. అయితే రోజుకు అయిదారు టీలు తాగేవారు తాము పాలు తాగడం లేదనే చెబుతారు. కోవా స్వీట్లు, మిల్క్‌ బిస్కెట్లు, హెల్త్‌ డ్రింకులు కూడా లెక్కలోకి రావాలి.

అనుమానం ఉంటే రెండు వారాలు పాలు, పాలపొడి ఉన్నవన్నీ ఆపి చూడండి. తేడా కనిపిస్తే మళ్లీ కొద్దిగా మొదలుపెట్టి ఎంతవరకు తట్టుకుంటున్నారో కనిపెట్టండి. శాశ్వతంగా మానాల్సి వస్తే కాల్షియం కోసం రాగులు, నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే చిన్న చేపలు ఉన్నాయి. పిల్లలకు, గర్భిణులకు మాత్రం డాక్టరును అడగకుండా పాలు ఆపకండి.

జబ్బు ఇదేనా?

డార్విన్‌ జబ్బు మీద వాదనలు చాలా ఉన్నాయి. మెండోజాలో కుట్టిన పురుగు చాగస్‌ వ్యాధిని మోసుకొస్తుంది. అదే కారణమని 1959లో సాల్‌ ఆడ్లర్‌ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కానీ వయసు పెరిగాక డార్విన్‌ మెరుగయ్యారు, ఆ వ్యాధి తీరు సాధారణంగా అలా ఉండదు. క్రోన్స్‌ వ్యాధి అని కొందరు, ఉండుండి వచ్చే వాంతుల జబ్బు అని కొందరు, ఆందోళన జబ్బు అని ఇంకొందరు అన్నారు. ఒకటి కంటే ఎక్కువ కలిసి ఉండవచ్చు కూడా.

ఆయన కాలంలో ఎండోస్కోపీ లేదు, స్కానింగ్‌ లేదు, రక్తపరీక్షలు లేవు. మీకు ఉన్నాయి. కాబట్టి కింద చెప్పినవాటిలో ఏది ఉన్నా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకండి. ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం. మలంలో రక్తం లేదా నల్లటి మలం. విడవని జ్వరం. నిద్రలోంచి లేపే కడుపునొప్పి లేదా విరేచనాలు. రక్తహీనత. మింగడం కష్టం కావడం. ఆగని వాంతులు. నలభై అయిదు దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ. కుటుంబంలో పేగు క్యాన్సర్‌. మన దేశంలో పేగులకు వచ్చే టీబీ కూడా తక్కువేం కాదు, దానికి పూర్తి చికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఇవేవీ లేక, పరీక్షలూ బాగుండి, నెలల తరబడి నొప్పితో పాటు విరేచనం తీరు మారుతూ ఉంటే అది ఐబీఎస్‌ కావచ్చు. ప్రాణం తీయదు, కానీ బతుకును ఇరుకు చేస్తుంది. అప్పుడే డార్విన్‌ దినచర్య మీకు పనికొస్తుంది.

డౌన్‌ హౌస్‌లో ఒక రోజు

డౌన్‌ హౌస్‌లో రోజు గడియారంలా నడిచేది. పొద్దున్నే లేచి చిన్న నడక. ఎనిమిది లోపు ఒంటరిగా టిఫిన్‌. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు పని. తర్వాత గంటసేపు ఉత్తరాలు, ఎమ్మా చదివే నవల వినడం. మళ్లీ పదిన్నర నుంచి పన్నెండు దాకా పని. ఆ తర్వాత ఎండయినా వానయినా నడక. ఒంటిగంట లోపు భోజనం. పేపరు, ఉత్తరాలు. మూడింటికి సోఫాలో నడుం వాల్చడం. నాలుగింటికి మళ్లీ నడక. సాయంత్రం ఇంకో గంట పని. రాత్రి ఇంట్లో అందరూ పెద్ద భోజనం చేస్తుంటే ఆయన టీతో ఒక గుడ్డో చిన్న మాంసం ముక్కో తీసుకునేవారు. ఎమ్మాతో రెండు ఆటల బ్యాక్‌గామన్‌, ఆమె పియానో, పదిన్నరకు పడక.

లెక్క వేయండి, రోజుకు అసలు పని నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలనే నలభై ఏళ్లు పోగేశారు.

నడక కోసం తోట చివర ఒక ఇసుక బాట వేయించుకున్నారు. శాండ్‌వాక్‌ అని దాని పేరు. మొదట్లో చుట్టూ చెట్లు నాటించారు. దారి మొదట్లో కొన్ని చెకుముకి రాళ్లు పేర్చుకుని, చుట్టు తిరిగినప్పుడల్లా ఒక రాయిని కాలితో నెట్టేవారు. ఎన్ని చుట్లు అయ్యాయో లెక్కపెట్టే పని మెదడుకు ఉండేది కాదు. నడక పేగు కదలికను పెంచుతుంది, గ్యాస్‌ను ముందుకు నెడుతుంది, మలబద్ధకాన్ని తగ్గిస్తుంది, నిద్రకు సాయపడుతుంది. మీకు తోట లేకపోవచ్చు. మేడ మీదో, వీధి చివరి గుడి చుట్టూనో నడవండి. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నడక కూడా లెక్కే.

రాత్రి తక్కువ తినడం ఆయన దినచర్యలో గమనించాల్సిన మరో సంగతి. మనం రోజంతా పనిలో పడి అరకొరగా తిని, రాత్రి పదింటికి కడుపు పట్టనంత తిని పడుకుంటాం. తేన్పులకు, ఛాతీ మంటకు అంతకు మించిన ఆహ్వానం లేదు. తిండికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉంచండి.

తీపి, ముక్కుపొడి

డార్విన్‌ బుద్ధిమంతుడైన రోగి అనుకుంటే పొరపాటే. తీపి అంటే చిన్నపిల్లాడిలా పడిచచ్చేవారు. డాక్టర్లు వద్దన్న కొద్దీ మానేస్తానని ఒట్లు పెట్టుకునేవారు. పైకి గట్టిగా అంటేనే అది ఒట్టని, మనసులో అనుకున్నది లెక్కలోకి రాదని ఆయన వాదన. కొడుకు ఫ్రాన్సిస్‌ ఈ ముచ్చట రాసిపెట్టారు.

ముక్కుపొడి అలవాటు చదువుకునే రోజుల నుంచీ ఉంది. మానలేకపోయారు. చివరికి ముక్కుపొడి జాడీని రాసుకునే గదిలోంచి తీసి హాల్లో బల్ల మీద పెట్టించారు. ప్రతి చిటికెడుకీ లేచి నడిచి వెళ్లాలి కాబట్టి కాస్త తగ్గుతుందని. ఈ ఉపాయం మీ ఇంట్లోనూ పనిచేస్తుంది. మిక్స్‌చర్‌ డబ్బా, బిస్కెట్‌ ప్యాకెట్‌ కంటికి కనిపించే చోట నుంచి పై అరలోకి మార్చండి. చేతికి అందే చోట జామకాయలు, అరటిపళ్లు, వేయించిన శనగలు పెట్టండి. పొగాకు మాత్రం ఏ రూపంలోనూ వద్దు. ఆయన మధ్యాహ్నం విశ్రాంతిలో సిగరెట్‌ కూడా తాగేవారు, ఆ ఒక్కటి అనుసరించకండి.

డాక్టరు తర్వాత డాక్టరు

1863 నుంచి మూడేళ్లు ఆయనకు అన్నిటికంటే గడ్డుకాలం. నెలల తరబడి వాంతులు. పని ఆగిపోయింది. ముఖం మీది ఎగ్జిమా వల్ల గడ్డం పెంచారు. 1866లో చాలా రోజులకు లండన్‌లో ఒక సభకు వెళితే పాత స్నేహితులే గుర్తుపట్టలేకపోయారు. మనకు తెలిసిన డార్విన్‌ బొమ్మలోని ఆ గడ్డం జబ్బు ఇచ్చిందే.

బాధ భరించలేక ఆయన ప్రయత్నించని వైద్యం లేదు. బిస్మత్‌ మందులు, పొట్ట చుట్టూ విద్యుత్‌ గొలుసులు, 1865లో జాన్‌ చాప్‌మన్‌ అనే డాక్టరు చెప్పినట్టు వెన్నెముక మీద రోజుకు మూడుసార్లు ఐసు సంచులు. ఐసు ఏమీ చేయలేదు. ఆ తర్వాత డాక్టర్‌ బెన్స్‌ జోన్స్‌ ఆహారం బాగా తగ్గించి, గుర్రపు స్వారీ చేయమన్నారు. దాంతో కొంత తేరుకున్నారు. గుర్రం పేరు టామీ. 1869లో అది తడబడి ఆయన మీద పడేదాకా స్వారీ సాగింది. 1870లలో డాక్టర్‌ ఆండ్రూ క్లార్క్‌ కూడా తిండి మీదే కట్టుబాట్లు పెట్టారు.

ఆ వరుసలో ఎక్కువ కాలం నిలబడినవి సాదా ఆహారం, శరీర శ్రమ, విశ్రాంతి. ఒళ్లు కంపించే చికిత్సలు వచ్చాయి, పోయాయి. మీరు కూడా ఊరూరా తిరిగే ముందు ఒక డాక్టరు దగ్గర కుదురుగా మూడు నెలలు చూపించుకోండి. మెడికల్‌ షాపులో గ్యాస్‌ గోళీ అడిగి కొనుక్కుని ఏళ్లకేళ్లు మింగడం మానండి. కీళ్ల నొప్పుల మాత్రలు కడుపును పుండు చేయగలవు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ కొందరికి ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. అలా ఉంటే మాత్ర ఆపకండి, డాక్టరుకు చెబితే మోతాదో రకమో మారుస్తారు.

అరిగించే ఆకులు, మట్టి తినే పురుగులు

అరవై దాటాక డార్విన్‌ కడుపు కొంత శాంతించింది. ఆ ఏళ్లలో ఆయన పట్టుకున్న పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1875లో పురుగులను తినే మొక్కల మీద పుస్తకం వేశారు. డ్రోసెరా అనే చిన్న మొక్క ఆకుల మీద మాంసం ముక్కలు, గుడ్డు తెల్లసొన పెట్టి చూశారు. ఆ ఆకు మన పొట్టలాగే ఆమ్లాన్ని, మాంసకృత్తులను కరిగించే ద్రవాన్ని ఊరిస్తుందని చూపించారు. 1881లో ఆఖరి పుస్తకం వానపాముల మీద. అవి మట్టిని తమ పేగుల గుండా పంపి నేలను ఎలా సారవంతం చేస్తాయో ఏళ్ల తరబడి కొలిచి చెప్పారు.

మన పెద్దపేగులో కూడా లక్షల కోట్ల సూక్ష్మజీవులున్నాయని, అవే మనం అరిగించుకోలేని పీచును తిని పేగు గోడకు శక్తినిచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయని ఆయనకు తెలియదు. మనకు తెలుసు. వాటికి కావలసింది రోజుకు కనీసం పాతిక గ్రాముల పీచు. ఆకుకూరలు, బీరకాయ, సొరకాయ, పొట్టు పప్పులు, జొన్నలు, రాగులు, కొర్రలు, పళ్లలో అది దొరుకుతుంది. ఒక్కసారిగా పెంచితే గ్యాస్‌ ఇంకా ఎక్కువవుతుంది. వారానికి కొంచెం చొప్పున పెంచండి, నీళ్లు కూడా పెంచండి. శుభ్రంగా ఉంచిన మజ్జిగ చద్దన్నం మన పేదింటి పులిసిన ఆహారం, పడేవారికి మంచిదే. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆకుకూరలు, పళ్లు, చిరుధాన్యాలు పెంచే ముందు డాక్టరును అడగాలి.

1882 ఏప్రిల్‌ 19న, 73వ ఏట, గుండె జబ్బుతో డార్విన్‌ డౌన్‌ హౌస్‌లోనే కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్‌ అబ్బేలో, న్యూటన్‌ సమాధికి దగ్గరలో ఖననం చేశారు. నలభై ఏళ్లు ఏడిపించిన కడుపు ఆయన ప్రాణం తీయలేదు. ఆయన పనినీ ఆపలేదు. పక్కన కూర్చుని నవల చదివిపెట్టిన ఎమ్మాకు ఇందులో పెద్ద వాటా ఉంది.

రేపటి నుంచే మొదలుపెట్టండి

- రెండు వారాలు తిండి, బాధ, నిద్ర డైరీ రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.
- ఒకేసారి పది మార్పులు చేయకండి. ఒక్కొక్కటి మార్చి కొన్ని రోజులు గమనించండి. అప్పుడే దేనివల్ల మేలో తెలుస్తుంది.
- రోజూ ఒకే వేళకు తినండి. మెల్లగా నమలండి. రాత్రి భోజనం చిన్నది, త్వరగా.
- ఎక్కువ కారం, వేపుళ్లు, చింతపండు పులుసు, ఊరగాయ మీకు పడుతున్నాయో లేదో డైరీయే చెబుతుంది. పక్కింటివారికి పడనిది మీకు పడవచ్చు. అనవసరంగా మానకండి.
- టీ, కాఫీ రోజుకు రెండుకు తగ్గించండి.
- రోజుకు అరగంట నడక. మధ్యాహ్నం ఓ పావుగంట విశ్రాంతి.
- బాధ తగ్గిన రోజులను కూడా గుర్తుపెట్టి లెక్కపెట్టండి. చెడ్డ వారం వచ్చినప్పుడు ఆ లెక్క ధైర్యాన్నిస్తుంది.
- ఇంట్లో ఒకరికి పథ్యం ఉంటే ఆ కూరనే అందరూ తినండి. వేరే కంచం పెట్టి వాళ్లను ఒంటరిని చేయకండి.
- షుగరు, బీపీ, థైరాయిడ్‌ మాత్రలు కడుపు బాగాలేదని సొంతంగా ఆపకండి.

- ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడు, ఎంబీబీఎస్‌, ఎండీ